వంగపండు రంగు ఆకాశం

మొన్న మా అమ్మాయి, "ఇంత మంచి బొమ్మని ఈ చీకటి నడవలో ఎందుకు తగిలించావు నాన్నా?" అని అడిగింది. దానికి వెలుతురు పడదని చెప్పి ఊరుకున్నాను. మిగతాది చెప్పడానికి పరువు అడ్డొచ్చింది.

మా తాతగారు జపాను నుంచి తెచ్చిన అద్దకపు బొమ్మ అది. రంగుకొక చెక్క చొప్పున చెక్కి, రంగు పూసి, కాగితం పరిచి చేత్తో రుద్ది అద్దుతారు. ఏటి మీద ఒంటరి పడవ, పైన వంగపండు రంగు సాయంత్రపు ఆకాశం. మా దివాణం వ్యాజ్యాల్లో కరిగిపోగా నాకు మిగిలిన దర్జా అదొక్కటే. తొంభైల్లో ఉద్యోగానికి దోహా వెళ్తూ దాన్నీ వెంట తీసుకెళ్ళి, గుమ్మంలోకి రాగానే కనపడేలా పడమటి కిటికీకి ఎదురుగోడన తగిలించాను. నాలాంటి స్టోర్స్ గుమస్తా ఇంట్లో అలాంటి బొమ్మ కనిపిస్తే ఎవరైనా ఒక ప్రశ్న అడుగుతారు. జవాబుగా మా వంశమంతా చెప్పేవాణ్ణి.

దోహా శివారు ముఐథర్‌లో ఒక ఖతరీ కుటుంబం దగ్గర డ్రైవరుగా ఉన్న మా ఊరివాడు శుక్రవారాలు భోజనానికి వచ్చేవాడు. వాళ్ళ నాన్న మా దివాణంలో పనిచేశాడు. ఒకసారి బొమ్మ అద్దం పగిలితే అతనే కొట్టుకు తీసుకెళ్ళి కొత్తది వేయించుకొచ్చాడు. రెండేళ్ళ తర్వాత ఒకరోజు చూద్దును కదా, ఆకాశం బూడిదరంగులో ఉంది! అద్దం వేయించే వంకతో అతను నకిలీది పెట్టి తెచ్చాడనుకున్నాను. అతని చేతికి కొత్త వాచీ ఎక్కడిది? ఊళ్ళో ఇంటికి శ్లాబు ఎలా పడింది? ఆ శుక్రవారం అతను చేతులు కడుక్కుంటుండగా అడిగేశాను. "అసలు బొమ్మ ఎవరికి అమ్మావు?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని, "అయ్యగారూ, ఆ బొమ్మకి మా నాన్న రోజూ దుమ్ము దులిపేవోడండి. ఎత్తుకుపోవాలంటే ఇంత ఎడారి దాకా రావాలాండి?" అన్నాడు. పళ్ళెం ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి శుక్రవారాలు రాలేదు.

నకిలీ అని రూఢి చేయించుకుందామని మా కంపెనీలోని జపాను ఇంజనీరును ఇంటికి పిలిచాను. ఆయన మీదా నమ్మకం లేదు కనుక ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు. ఆయన చట్రం విప్పి, కాగితం వెనక చేత్తో రుద్దినప్పుడు పడ్డ వలయాలు చూసి, పాతదేనన్నాడు. ఇలాంటివి చూసే ఒకప్పుడు ఫ్రాన్సు చిత్రకారులు తమ పద్ధతి మార్చుకున్నారని కూడా చెప్పాడు. ఆ తర్వాత అంచు చూపించాడు. చట్రం కింద దాగిన వేలెడు మేర ఆకాశం ఇంకా వంగపండు రంగే. "ఎండ," అన్నాడు, నా కిటికీ వంక చూస్తూ.

బొమ్మను పంచెలో చుట్టుకుని ముఐథర్‌లో మా ఊరివాడు పనిచేసే ఇంటికి వెళ్ళాను. అతను గేటు దగ్గరికి వచ్చాడు. క్షమించమనే మాట మా ఇంట్లో ఎవరి నోటా విన్నవాణ్ణి కాదు, నా నోటికీ రాలేదు. పంచె తొలగించి అంచు చూపించాను.

"చిన్నప్పుడు మొత్తం ఇదే రంగండి," అన్నాడు. "ఎండలో పట్టుకు నిలబడ్డారేంటండి, కప్పండి," అంటూ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాతి శుక్రవారం భోజనానికి వచ్చాడు. బొమ్మను మాత్రం మరెన్నడూ ముట్టుకోలేదు. కాలం రంగులు మారుస్తుందంటారు. దాన్ని ఎండకు ఎదురుగా తగిలించింది నేనే.