మామయ్య పిడికిట్లో మొలక వడ్లు

ముందే చెప్పేస్తున్నాను. మార్కెట్ యార్డులో వడ్లకు తరుగు తీసినట్టు నా మాటలకూ కొంత తరుగు తీసి వినాలి. గంపెడున్న దాన్ని బండెడని చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నిన్న ఖమ్మంలో ఎక్కిన బస్సులో పక్క సీటాయన ఆవలించాడు. ఆ నోట్లో అదే బస్సును వెనక్కి తిప్పుకోవచ్చు. నేను మాత్రం నోరు చూడలేదు, ఆయన కుడిచెయ్యి చూశాను. అది ఒళ్లో కదలకుండా పడి ఉంది. నిరాశపడ్డాను. ఎవరు ఆవలించినా కుడిచేతి వంక చూసే ఈ అలవాటు మా చిన్న మేనమామ వల్ల వచ్చింది.

మామయ్యది టేకులపల్లి దగ్గర, అడవికి ఆనుకున్న ఊరు. కూర్చోవడం చేతకాని మనిషి. అన్నం సగం నిలబడే తినేవాడు. రోజుకు నలభైసార్లు పొలం గట్టు మీదికి పోయొస్తే గానీ ఆయనకు పొద్దు గుంకేది కాదు. మూడేళ్ల కిందట చలికాలంలో ఒక పొద్దున ఆయన చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. దవాఖానాలో పక్షవాతమన్నారు. ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పిండకుండా ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి. మాట మాత్రం పోలేదు. పోయి ఉంటే ఇంట్లోవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునేవారు. మంచంలోంచే వాన సంగతి, దుక్కి సంగతి అడుగుతూ, ఈసారి కూడా నారుమడిలో మొలక వడ్లు తానే చల్లుతానని గంటకోసారి చాటేవాడు. ఆ ఇంట విత్తనం చల్లేది ఎప్పుడూ ఆయన కుడిచెయ్యే. విని విని అత్తయ్య ఒకరోజు తేల్చేసింది.

"మిరుగం కార్తె దాటి నారు పోసే దినం దాక సూస్త. ఆ చేతుల కెళ్లి గింజలు రాలితె సరె. రాలకపోతె పొలం కౌలుకిస్త. గిట్ల ఎదురుసూసుకుంట నేను సావలేను."

కౌలుకిస్తే ఆయనకు గట్టు మీదికి పోయే సాకు కూడా ఉండదు. ఆ రోజు నుంచి ఆయనకే కాదు, ఖమ్మంలో ఉద్యోగం చేసుకునే నాకూ కుదురు పోయింది. ప్రతి ఆదివారం బస్సెక్కేవాణ్ని.

నెల దాటాక ఒక మధ్యాహ్నం మామయ్య ఆవలించాడు. ఆ ఆవలింతతో పాటు కుడిచెయ్యి దానంతటదే రొమ్ము దాకా లేచింది. ఇల్లంతా పండగైపోయింది. ఆవలింత అంటుకునేదే కదా అని నేను ఆయన ఎదురుగా కూర్చుని ఆవలించడం మొదలుపెట్టాను. నాకు దవడ నొప్పెడితే అత్తయ్య, ఆమెకు నొప్పెడితే పక్కింటివాళ్లు. చివరికి కట్టేసిన మేక కూడా ఆవలించింది. ఖమ్మం నుంచి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి పట్టపగలు ఊరు ఊరంతా నోళ్లు తెరిచి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది ఆయన లేపితె లేసింది కాదు సార్, ఆవలింత లేపింది" అంది నాతో. "ఆయన లెవ్వమంటె లేసిననాడు సంబరపడుదాం."

ఎండలు ముదిరేసరికి తడిబట్టలాంటి చెయ్యి కాస్తా బిగుసుకుంది. భుజం లేపమంటే మోచెయ్యి మడుచుకునేది, దాంతో మణికట్టు వంగేది, వేళ్లు పిడికిలయ్యేవి. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ బయల్దేరినట్టు. కాలు మరో మొండిది. మడవనంటూ కర్రలా చాచుకుని, పక్కకు తిరిగి ముందుకొచ్చేది. వాకిలి దుమ్ములో అడుగడుగుకూ ఒక కొడవలి గీసేది. పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ పిసకమని ఒక రబ్బరు బంతి తెచ్చారు. రెండు క్రికెట్ జట్లకు సరిపడా పోగయ్యాయి. అమ్మాయి అన్నిటినీ మంచం కిందికి తోయించింది. పిడికిలి పట్టడం ఆయనకు వచ్చేసింది, తెరవడమే రావాలి, అది అన్నిటికన్నా వెనక వస్తుందని చెప్పింది. బల్ల మీద అరచెయ్యి ఆనించి ఒంటి బరువు వేయించేది. ఒక్కరిని పిలిస్తే ఒక్కరే రావడం ఆ చేతికి ఓపిగ్గా నేర్పింది. మొదట భుజం, మోచేతికి చెప్పకుండా లేవడం నేర్చుకుంది. తర్వాత కాలు మోకాలి దగ్గర మడుచుకుంది. వేళ్లు మాత్రం మొండికేశాయి. తెరవాలని మామయ్య ఎంత ఆత్రపడితే అంత బిగిసేవి. పుట్టి బుద్ధెరిగాక ఆత్రపడకుండా ఉండని మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

నారు పోసే రోజు వచ్చింది. మామయ్య మడి అంచున కర్ర పట్టుకుని నిలబడితే, ఆయన బదులు గట్టు మీద నలభైసార్లు నేను తిరిగాను. అత్తయ్య ఆయన కుడి అరచేతిలో మొలక వడ్లు పోసింది. పోయగానే పిడికిలి మూసుకుంది. ఆయన మెడనరాలు ఉబ్బాయి.

"జల్దేం లేదయ్యా" అంది అత్తయ్య. "మొలకలు ఏడికి పోవు."

అప్పుడు తెరుచుకుంది చూడండి ఆ పిడికిలి! గింజలు నాలుగు మడుల మీదుగా ఎగిరాయి. ఒకటి ఎక్కడో దూరాన తల్లాడ ఊళ్లో పడి మొలిచిందని విన్నాను.

"ఇగ కౌలు ఎవలికిస్తవే?" అన్నాడు మామయ్య. అత్తయ్య కాలవలో చేతులు కడుక్కుంది.

ఇప్పుడు తరుగు. బంతులు నిజం, తొమ్మిదే అయినా. మేక సంగతి మీ ఇష్టం. అసలు కల్పించింది ఒక్కటే, పిడికిలి తనంతట తాను తెరుచుకుందన్నది. గడువు పెట్టిన అత్తయ్యే గంప సర్దుతున్నట్టు వంగి, ఆయన మణికట్టు కిందికి వంచి, బొటనవేలు మెల్లగా బయటికి తీసింది. గింజలు మడి మూలన ఒకే ముద్దగా పడ్డాయి. తలెత్తి నాతో, "నువ్వేం సూడలే అల్లుడా" అంది. చూడలేదు కనుకే ఇంత బాగా చెప్పగలిగాను.

ఆ మూల నారు దుబ్బులా మొలిచింది. అప్పటి నుంచి ఏటా ఆ మూల ఆయన కుడిచేతిదే. ఈ ఏడు అత్తయ్య గంప దించేసి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. మూడేళ్లంటే ఎంత కాలమో నన్నడిగితే పెంచి చెబుతాను. గింజలు ముద్దగా కాక చెదిరి పడి ఆ మూల దుబ్బు ఎంత పలచబడిందో చూస్తే సరిగ్గా తెలుస్తుంది.