బస్టాండులో ఆడిన కల

లిదియమ్మ మా పిన్ని. ఆత్మకూరుకూ అనంతసాగరానికీ మధ్య ఉన్న మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. కడుపున పుట్టినవాళ్లు లేరు. ఆదివారం మాత్రం ఊరి పిల్లకాయలంతా ఆమె పిల్లలే. సండేస్కూల్లో వాళ్లకు యాక్షన్ సాంగ్స్ నేర్పిస్తుంది. చేతులూపుతూ, గంతులేస్తూ, మోకాళ్లు పట్టేసి కూలబడినా పాట ఆపదు. వారమంతా పొయ్యి ముందు మగ్గిపోయే మనిషి ఆ గంట కోసమే బతుకుతుందని నాకు తెలుసు.

ఆమె చేసిన తప్పల్లా ఒకటే. కుళాయి దగ్గర చెప్పుకోవాల్సిన కలను గురువారం చర్చి స్త్రీల సమాజంలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే చోట, సాక్ష్యంగా చెప్పింది. కుళాయి దగ్గరైతే నవ్వుకుని బిందెలెత్తుకునేవాళ్లు. సాక్ష్యంలో కల చెబితే మావాళ్లు ఊరుకోరు. దానికి భావం తీసి, ప్రార్థన చేసిగానీ వదలరు.

“ఆత్మకూరు బస్టాండులో ఆడినానమ్మా,” అంది పిన్ని, మొహం వెలిగిపోతుండగా. “ఉదయగిరి బస్సు ముందర. జనమంతా చుట్టూ మూగినారు. డ్రైవరు హారన్ కొడతా ఉంటే నేనింకా ఎగిరినాను.”

ఎవరూ నవ్వలేదు. సంఘపెద్ద భార్య సుకుమారి కాసేపు కళ్లు మూసుకుని తేల్చేసింది.

“ఇది హెచ్చరిక లిదియా. మొగుడు పోయిన ఆడది పదిమందిలో చిందులేసినట్టు కలొస్తే, పరువు పోయే రోజు దగ్గర్లో ఉండాదని అర్థం. సాతాను నీ ఇంటికి దారి వెతుకుతా ఉండాడు. వచ్చే గురువారం అందరి ముందర తప్పు ఒప్పుకో, ప్రార్థన చేస్తాం. అప్పటిదాకా పిల్లకాయల జోలికి పోబాక.”

ఇంటికొస్తే పక్కింటి రేణుకాదేవి ఇంకో భావం అందించింది. ఆమెది గుడికి పోయే కుటుంబం. “కలలో ఆడితే ఇంట్లో చావంట లిదియమ్మా.”

“ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే గదా. చస్తే నేనే చస్తా, నీకేంది బాధ?” అంది పిన్ని.

పైకి అలా అన్నా ఆ ఆదివారం చర్చికి రాలేదు. పిల్లలు పాట లేకుండా వాక్యాలు వల్లించి ఇళ్లకు పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికో కలొస్తే దానిమీద వీళ్ల పెత్తనమేమిటి?

మళ్లీ గురువారం వచ్చింది. పిన్నిని మధ్యలో మోకరించమన్నారు. ఆమె గోడ పట్టుకుని నిలబడే ఉంది. తల మీద పెట్టబోయిన సుకుమారి చేతిని మెల్లగా పక్కకు తీసింది.

“అక్కా, కల నాకొస్తే అర్థం నీకెట్ట తెలిసింది? కలలో నాకు మోకాళ్ల నొప్పి లేదు, సిగ్గూ లేదు. నొప్పంటే వయసుతో వచ్చింది, పడతా ఉండాను. సిగ్గు మాత్రం మీరు తెచ్చి ఇచ్చినారు. అది నాకొద్దు, మీ కాడే పెట్టుకోండి. ఆడినందుకు నాకు సంతోషంగా ఉండాది. నేను ఒప్పుకునేది అదొక్కటే. ఆదివారం పాట నేనే నేర్పిస్తా.”

అలవాటుకొద్దీ ఎవరో “ఆమెన్” అనబోయి నోరు మూసుకున్నారు.

ఆదివారం పిన్నీ నేనూ వెళ్లేసరికి పిల్లలు సండేస్కూలు గదిలో ఉన్నారు. గడపలో సుకుమారి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడింది.

“జరుగక్కా,” అంది పిన్ని.

“సంఘమంటే లెక్కలేదా నీకు?”

పిన్ని వాదించలేదు. మెట్లు దిగి, నడుముకు కొంగు బిగించి, చర్చి ముందు రోడ్డు మీదే పాట అందుకుంది. చేతులెత్తి ఒక గంతేసింది. షేర్ ఆటో ఒకటి ఆగింది. టీ బంకు దగ్గరివాళ్లు లేచి చూశారు. నాకు భయమేసింది. ఆమెకు వేయలేదు.

ఇంతలో సుకుమారి చేతుల కిందనుంచి దూరి ఒక పిల్ల రోడ్డు మీదికి పరిగెత్తింది. సుకుమారి మనవరాలే, అశ్విత. వెనకే మిగతా పిల్లలు.

“అశ్వితా! లోపలికి రా!” అని అరిచింది సుకుమారి. ఆ పిల్ల వెనక్కి కూడా చూడలేదు.

పిన్ని రొప్పుతూ, చేతులు దించకుండానే అంది.

“మీ అవ్వను గూడా పిలువు పాపా. రోడ్డంతా చోటుండాది.”