బొమ్మల నౌకలో వెనకగది

కళ్లద్దాల షాపులో ఓ మూల కూర్చుని, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. నలభై దాటినా తెలిసినవాళ్లంతా 'రాకెట్' అనే పిలుస్తారు. చిన్నప్పుడు టీవీలో 'ఏడో కక్ష్య' అని అంతరిక్ష సీరియల్ ఒకటి వచ్చేది. అక్కాతమ్ముళ్లిద్దరికీ అదంటే ప్రాణం. అది అయిపోగానే వెనకగదిలో మంచమెక్కి అక్క నౌక నడిపేది. వీడు పక్కనే కూర్చుని నోటితో ఇంజను మోత మోగించేవాడు.

అక్క చేతిలో ఎప్పుడూ పెన్సిల్ ఉండేది. కాలేజీకి వెళ్లే వయసులో ఆమె బొమ్మలన్నీ తండ్రి పొయ్యిలో పెట్టాడు. "గీతలు కూడు పెడతాయా?" అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె ఇల్లు విడిచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కొంతకాలానికి తండ్రి పోయాడు. ఆ పాత ఇల్లు కూలగొట్టి అక్కడ దుకాణాలు కట్టారు. తల్లీకొడుకులు అద్దె ఇంటికి మారారు.

ఈమధ్య ఆ సీరియల్లోని ఓ కథ తీసుకుని యానిమేషన్ బొమ్మల సీరియల్ చేశారు. అతను చూస్తూనే సణిగాడు.

"పాత నౌకలో గోడ మీద చెయ్యి వేస్తే అట్టముక్కలా ఊగేదమ్మా. అయినా నిజమనే అనుకునేవాళ్లం. ఇందులో అన్నీ నున్నగా ఉన్నాయి, కెప్టెన్ ముక్కుతో సహా."

"నచ్చకపోతే ఎందుకురా చూడ్డం?" అంది తల్లి వంటింట్లోంచి.

సణుగుతూనే వారం వారం చూశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చిన భాగంలో, మనుషులు లేని నౌక ఒకటి చీకట్లో తేలుతూ కనిపించింది. కెప్టెన్ అందులోకి వెళ్లి ఒక్కో తలుపూ తెరుస్తోంది. ఒక తలుపు వెనక యంత్రాలు లేవు. ఇనప మంచం, నేల మీదకి జారిన దుప్పటి, గోడకి చెమ్మ మరక. కిటికీలో ఒక ఊచ బయటికి వంగి ఉంది. కిటికీ తెర ఉబ్బి మెల్లగా అణిగింది, ఎవరో ఊపిరి తీసినట్టు.

అతను తల్లిని కేకేశాడు. ఆమె తడిచేతులతోనే వచ్చి అతని వెనక నిలబడింది.

"అది మన వెనకగది కదరా."

"అవునమ్మా."

"ఆ ఊచ నువ్వు వంచిందే. తల ఇరికించుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు." చేతులు కొంగుకి తుడుచుకుని, "ఇల్లు పడగొట్టేశారుగా," అంది.

చివర్లో పేర్లు పైకి జరిగిపోతుంటే ఆపాడు. నేపథ్యాలు గీసినవాళ్లలో అక్క పేరు ఉంది. ఇంటిపేరు లేదు.

మర్నాడు షాపులోంచే ఆ బొమ్మలు తీసిన స్టూడియోకి ఫోన్ చేశాడు. అక్కతో కలిసి పనిచేసిన ఒకావిడకి ఇచ్చారు. తనెవరో చెప్పాడు.

"తమ్ముడా మీరు? ఆవిడ పోయి ఏడాది దాటిందండీ. జబ్బు చేసింది. ఎవరికి చెప్పాలో మాకు తెలీలేదు."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. చివరికి ఆ గది గురించి అడిగాడు.

"ఓపిక లేకపోయినా తనే గీస్తానని పట్టుబట్టింది. మంచం మీద ఎవరూ లేరేంటి, బోసిగా ఉంది, ఎవరినన్నా కూర్చోబెట్టమని డైరెక్టర్ గారన్నారు. 'అక్కడ మా తమ్ముడు కూర్చునేవాడు, ఇప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు, అందుకే గీయలేను' అంది."

ఆ రోజు అతను రెండు జతల అద్దాలు పాడుచేశాడు. షాపు యజమాని ఏమీ అనకుండా ఇంటికి పంపేశాడు.

తల్లికి మెల్లగా చెప్పాడు. ఆమె ఏడవలేదు. "ఆ గది పెట్టరా," అంది. అతను ఆ దృశ్యం దగ్గర ఆపాడు. ఆమె కళ్లజోడు తుడిచి పెట్టుకుని టీవీకి ఎంత దగ్గరగా వెళ్లిందంటే, ఆమె నీడ ఖాళీ మంచం మీద పడింది. కూతుర్ని పేరు పెట్టి పిలిచింది, అన్నానికి పిలిచినట్టుగా, మామూలు గొంతుతో. తర్వాత వెనక్కి వచ్చింది.

"జరుగు," అంటూ కొడుకు పక్కన కూర్చుంది. "మొదట్నుంచి పెట్టు."