బువ్వకు పిలిచిన రోజు

అది 1989 ఎండాకాలం. అప్పటికి కోరుట్లలో నేనూ మా ఆయన నర్సయ్యా వంట పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. నేను సిరిసిల్లలో నేత కుటుంబంలో పుట్టాను. మా నాన్న మగ్గం మీద బతికాడు, నాకు మాత్రం పొయ్యి దగ్గర చేయి తిరిగింది. పెళ్లిళ్లప్పుడు పెద్ద వంటలు, మిగతా రోజుల్లో దుబాయ్, మస్కట్ పోయేవాళ్లకు సకినాలు, గారెలు చేసి డబ్బాల్లో సర్ది ఇవ్వడం మా పని. క్యాటరింగ్ అనే మాట ఇంకా మా వైపు రాలేదు. మమ్మల్ని వంటోళ్లు అనేవారు. మటన్, బగారన్నం ఆయన వంతు. తెల్లన్నం, పప్పు, పచ్చిపులుసు, పిండివంటలు నా వంతు. ముత్యంపేట నుంచి బీర్పూర్ దాకా మా వంట తినని ఊరు తక్కువ అని గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఆ రోజుల్లో ఈ పనిలో ఒక చిక్కు ఉండేది. పల్లెల్లో ఏ ఇంట్లోనైనా పెద్ద గుండిగ పొయ్యి మీదికెక్కితే, ఇంత బువ్వ ఎవరికని అడిగేవాళ్లు ఉండేవారు. ఒకవైపు అడవిలోని అన్నలు, ఇంకోవైపు పోలీసులు. కథలాపూర్ దిక్కు పని పడితే పొద్దుండగానే పాత్రలు కడిగి బండికెత్తి ఇంటికి చేరుకునేవాళ్లం.

ఒక పొద్దున గంగారాం అనే రైతు మా ఇంటికి వచ్చాడు. కథలాపూర్ దాటాక లోపలికి ఉండే ఒక ఊరు ఆయనది. అంతకుముందు ఆయన బిడ్డ పెళ్లికి మేమే వండాం. ఆయన కొడుకు చదువు మధ్యలో వదిలేసి అన్నల్లో కలిశాడని విన్నాం. ఆ పిల్లగాడు ఎదురుకాల్పుల్లో పోయాడని పేపర్లో కూడా చదివాం. గంగారాం లోపలికి రాలేదు. ఇంట్లో చావు అయినవాళ్లు దినాలు తీరకముందు ఇంకొకరి గడప తొక్కరు. వాకిట్లోనే నిలబడి కొడుకు దినాలకు వండాలని అడిగాడు. అప్పటికే ఇద్దరు వంటవాళ్లు వేరే పని ఉందని తప్పించుకున్నారట.

"బిడ్డ పెండ్లికి నువ్వే వండినవ్ చెల్లె. మట్టి పెట్టిననాడు మా ఇంటికి ఎవ్వలు రాలే. దినాలనాడన్న ఊరు మా ఇంట్ల తినాలె. లేకుంటే మా ముసల్ది తట్టుకోదు" అన్నాడు.

నర్సయ్య నా మొహం చూశాడు. ఆయన భయం నాకు తెలుసు. రేపు పోలీసులు పిలిచి, ఎవరు పంపితే పోయారంటే ఏం చెప్పాలి? నాకూ భయమే. కానీ పెళ్లికి వండి పెట్టిన ఇంటికి చావుకు రామని చెప్పడానికి నా నోరు రాలేదు. వస్తామని చెప్పాను.

ఆయన పోయాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. దొంగచాటుగా వండితేనే అనుమానం వస్తుంది, చెప్పి వండితే రాదన్నాను. ఆ మర్నాడు ఆ ఊరు ఏ స్టేషన్ కిందికి వస్తుందో కనుక్కుని ఇద్దరం పోయాం. ఎస్.ఐ. నా మాట చివరిదాకా విని, నీకు వేరే పని దొరకలేదా అని అడిగాడు.

"దొరుకుతది సార్. గా ఇంట్ల పెండ్లికి గూడ నేనే వండిన. నన్ను తర్వాత అడుగుతరని ముందే వచ్చి చెప్తున్న" అన్నాను.

ఆయన వండమనలేదు, వద్దనలేదు. పొమ్మని చేయి ఊపాడు.

కోరుట్లలో మాకు ఎప్పుడూ గుండిగలు కిరాయికిచ్చే అతను ఆ ఊరి పేరు వినగానే ఖాళీ లేవన్నాడు. జగిత్యాల పోయి తెచ్చుకున్నాం. దినాల రోజు తెల్లవారగానే ఊరికి చేరి పొయ్యిలు తవ్వాం. ఊరి మొగదల బడి అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు కూర్చుని ఉన్నారు. గంగారాం ఇంటికి వచ్చే దారి వాళ్లకు బాగా కనిపిస్తుంది.

ఊరికంతా సరిపడా వండాం. మిట్టమధ్యాహ్నానికి అన్నీ దిగాయి. మోదుగ విస్తర్లు వాకిట్లో పేర్చి ఉన్నాయి. ఒక్క మనిషీ రాలేదు.

వండిన దాన్ని వడ్డించేదాకా చెడకుండా కాపాడటాన్ని ఇప్పుడు హోల్డింగ్ అంటారు. వండటం కంటే అదే కష్టం. అన్నం మీద మందపాటి బట్ట పరిచి మూత పెట్టాను, ఆవిరి నీరై కారితే మెతుకు ముద్దవుతుంది. నర్సయ్య మటన్ కింద మంట లాగేసి నిప్పుల బూడిద మాత్రం ఉంచాడు. గరిటె పెట్టనివ్వలేదు, కలిపితే ముక్క చెదిరిపోతుంది. ఎంత కాపాడినా దానికీ ఒక హద్దు ఉంటుంది. లోపలి గదిలోంచి గంగారాం భార్య లచ్చవ్వ రెండుసార్లు తొంగిచూసి వెనక్కి పోయింది.

అప్పుడు నాకు తట్టింది, ఇంటింటికీ పిలుపు పోయిందా అని. మా పల్లెల్లో ముందు రోజు చెప్పినా సరే, వంట దిగాక మళ్లీ పోయి బువ్వకు రమ్మని పిలవాలి. ఆ పిలుపు లేనిదే ఎవరూ బంతిలో కూర్చోరు. గంగారాంను అడిగాను. పిలిచే మనిషి పొద్దున్నే చుట్టాల ఊరికి పోయాడట. ఈ ఇంటివాళ్లు ఇంకొకరి గడపకు పోకూడదు. వాళ్ల దాయాదులు, పాలివాళ్లను అడిగితే ఒక్కరూ కదల్లేదు.

నేను చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టుకుని బయల్దేరాను. నర్సయ్య ఆపబోయి ఆగిపోయాడు. నేరుగా బడి దగ్గరికే పోయాను. హెడ్ కానిస్టేబుల్ నడివయసు మనిషి. ఎక్కడికని అడిగాడు.

"బువ్వకు పిలువ పోతున్న సార్. మీరు గూడ రాండ్రి, పొద్దటిసంది గిక్కడనే ఉన్నరు."

"మేం తినొద్దమ్మా. తినేటోళ్ల పేర్లు రాయుమని మాకెవ్వలు చెప్పలే. నువ్వు పో" అన్నాడు.

అది నిజమో, నా మీద జాలితో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ మాటే పట్టుకుని ప్రతి గడప ముందూ నిలబడ్డాను. గంగారాం ఇంట్ల బువ్వ అయ్యింది, రాండ్రి అని గట్టిగా పిలిచాను. తలుపు సందులోంచి అడిగినవాళ్లకు హెడ్ చెప్పింది చెప్పాను. పొరుగూరి దాన్ని, నాకే లేని భయం మీకెందుకని కూడా అన్నాను. నాకూ భయం ఉందని వాళ్లకేం తెలుసు!

వాడ చివరి దాకా పోయి తిరిగి వచ్చేసరికి వాకిట్లో ఒక ముసలమ్మ విస్తరి ముందేసుకుని కూర్చుని ఉంది. వెనకే ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చారు. తర్వాత మగవాళ్లు, పిల్లలు. ఒక బంతి లేచేసరికి ఇంకో బంతికి మనుషులు నిలబడి ఉన్నారు. అన్నం మూత తీస్తే మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. మటన్ ముక్క చెదరలేదు. నా జన్మలో ఎన్నో పెళ్లిళ్లకు వండాను గానీ, గుండిగ మూత తీస్తూ అంత సంతోషపడింది అప్పుడే.

లచ్చవ్వ బయటికి వచ్చి, నా చేతిలోంచి గరిటె తీసుకుని ఆఖరి బంతికి తానే వడ్డించింది. ఎవరి మొహమూ వదలకుండా చూసుకుంటూ వేసింది. పాత్రలు బండికెత్తుతుంటే నా దగ్గరికి వచ్చి, "వాని పెండ్లికి గూడ నువ్వే వండుతవనుకున్న. గిది రాసి ఉంది. ఊరంత తిన్నరు, సాలు" అంది.

తర్వాత స్టేషన్ నుంచి ఒకసారి కబురొచ్చింది. పోయి ఒక పూట బెంచీ మీద కూర్చున్నాను, పొమ్మన్నారు, వచ్చాను. ఆ సీజన్‌లో కొన్ని ఆర్డర్లు వెనక్కి పోయాయి. మరుసటి ఏడాది నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ మాకే వచ్చాయి. దినాలకు వచ్చిన వంటక్క అని ఆనవాలు చెప్పుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఈ రోజు మాకు పెద్ద కిచెన్ ఉంది, హాట్ బాక్సులు ఉన్నాయి, వడ్డించడానికి యూనిఫాం వేసుకున్న పిల్లలు ఉన్నారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఆర్డర్ తీసుకునేటప్పుడు మొదట ఏం అడగాలి అంటారు. మెనూ గురించి ఆ ఇంటివాళ్లే చెప్తారు, ఎంతమందో వాళ్లే చెప్తారు. బువ్వకు పిలిచేది ఎవరో మీరు అడగండి అంటాను. వండిన బువ్వ ముందు మనిషి వచ్చి కూర్చున్నప్పుడే మన పని పూర్తయినట్టు. చావు ఇల్లయితే నేను ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతాను. పిలిచేవాళ్లు ఎవరూ లేరంటే, ఈ వయసులో కూడా నేనే పోతాను.