ఇంకో రెండు వందల మీటర్లు

బావమరిది కొత్త ఇంటికి అందరూ ఆటోలో వెళ్తారు, బస్సులో వెళ్తారు. నేను టెంటు నెత్తిన వేసుకుని వెళ్లాను. ఆ రోజు నేను చేసిన నిర్వాకం చెబుతాను, మీరు నవ్వుకోండి. మా ఇంట్లో మాత్రం ఒకరు ఇంకా నవ్వలేదు.

ఆ ఒకరు నా భార్య యాదమ్మ. మాది లాలాగూడ. సొంత కారు కిరాయికి నడుపుతాను. ఇద్దరం ఎక్కడికి వెళ్లినా ముందు సీట్లో కూర్చుని ఆమే దారి చెప్పేది. కుడి, ఎడమ అనేది కాదు. "పిండిగిర్ని దాటినంక ఇటు తిప్పు" అనేది. ఆ గిర్నిని ఎప్పుడో పడగొట్టారు, అయినా నాకు అర్థమయ్యేది. దారి పొడుగునా కబుర్లు, మధ్యమధ్య ఆమె ఒలిచి నోట్లో పెట్టే పల్లీలు.

ఆ సుఖం నాకు ఎక్కువైంది. కారులో స్క్రీన్ పెట్టించాను, అన్నం పళ్లెమంత. అందులో ఒకామె వార్తలు చదివినట్టు తియ్యగా దారి చెబుతుంది. యాదమ్మ నోరు తెరిస్తే చాలు, "జెర ఆగు, ఆమెను చెప్పనియ్యి" అనేవాణ్ణి. ఈ మాట అన్న మొగుడు ఇంకా బతికున్నాడంటే అది యాదమ్మ మంచితనమే.

ఆమె తమ్ముడు అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. వాడికి ఉన్నది ఒక్క అక్కే. యాదమ్మ కొత్త ఇత్తడి గిన్నె కొని, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. నేను స్క్రీన్‌లో అడ్రసు కొట్టేసరికే ముహూర్తం దగ్గరపడింది.

గల్లీలోకి తిరగ్గానే ఆమె అంది, "ఆపయ్యా, గదే మా తమ్ముని ఇల్లు."

నా కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. నీలం గీత ఇంకా ముందుకు పోతోంది.

"ఇంకో రెండు వందల మీటర్లున్నది."

"ముందట టెంటున్నది."

"స్క్రీన్ల లేదు."

పొద్దున్నే రోడ్డుకు అడ్డంగా కట్టిన టెంటు స్క్రీన్‌లో ఎందుకుంటుంది? కట్టె విరిగి గుడ్డంతా కారు మీద పడింది. లోపల చీకటి. ఆ చీకట్లో స్క్రీన్ ఒక్కటే దేదీప్యమానంగా వెలుగుతూ, నేరుగా వెళ్లండి అంటోంది.

తలుపులకు తాళ్లు చుట్టుకున్నాయి. బయట జనం లాగుతున్నారు. ఇంట్లో పంతులు ముహూర్తం దాటుతోందని తొందరపెట్టాడట, తమ్ముడి అత్తగారి తరఫు వాళ్లెవరో పాలు పెట్టేశారు. పాలు పొంగాయన్న కేక గుడ్డలోంచి మాకు వినబడింది. యాదమ్మ తన ఒళ్లోని ఖాళీ గిన్నెను చీర కొంగుతో కప్పింది.

కిందకు దిగి చూస్తే బంపర్ కింద ప్లాస్టిక్ కుర్చీ ముక్కలైంది. పక్కనే మా మామ నీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"గా కుర్చీల నేనే కూసుంటి, అల్లుడా," అన్నాడు. "దూపైందని లేచిన."

అప్పటిదాకా నాకది నవ్వులాటే. ఆ మాట విన్నాక వంగి కుర్చీ ముక్కలు ఒక్కొక్కటే ఏరాను.

మర్నాడే స్క్రీన్ పీకించాను. ఆ ఖాళీలో పల్లీల పొట్లం పెడుతున్నాను, ఎవరూ ముట్టరు. యాదమ్మ వెనక సీట్లో కూర్చుంటోంది. ఇంట్లో మామూలుగానే మాట్లాడుతుంది, కారెక్కితే మాట ఉండదు. తిడుతుందేమోనన్న ఆశతో తెలిసిన దారులే తప్పుతున్నాను. సీతాఫల్‌మండిలో ఒకే గల్లీలో గానుగెద్దులా తిరిగాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

మొన్న కూడా అంతే. పెదవి కదులుతుందేమోనని అద్దంలో ఆమెనే చూస్తూ నడుపుతున్నాను.

"అద్దంల ఏం జూస్తున్నవయ్యా? ముందట బస్సున్నది."

బ్రేకు తొక్కాను. బస్సుకూ నాకూ మధ్య ఒక పల్లీకాయ పట్టేంత సందు మిగిలింది. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. కారులో ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. నాకు ఆ హారన్లు పెళ్లి బ్యాండులా వినిపించాయి.

అందుకే స్టీరింగ్ మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. బండి నడుస్తుంటే ఇక స్క్రీన్ చూడను, అద్దంలో యాదమ్మనూ చూడను. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. చెవులు మాత్రం వెనక సీట్లో ఉంటాయి. వాటి మీద ఒట్టు లేదు.