ఒక ఇంచీ తక్కువ

సోఫా మేస్త్రికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. జ్వరంతో కొడుకు పోయిన దగ్గర్నుంచీ అది నెత్తికెక్కి కూర్చుంది. గుడ్డ పొట్టయితే కూతుర్ని తిడతాడు. దారం తెగితే భార్యని తిడతాడు. ఇద్దరూ దొరక్కపోతే కుట్టు మిషన్ని తిడతాడు. పోయినవాడి ఊసు మాత్రం ఎత్తడు, ఎవర్నీ ఎత్తనివ్వడు.

అన్న చేసిన కొలతల పని ఇప్పుడు చెల్లెలిది. ఆమె కొలిచి అంకె చెబుతుంది, తండ్రి కత్తిరిస్తాడు, తల్లి కుడుతుంది. ఏం పాపమో గానీ, కుట్టిన ప్రతి కవరూ ఒక ఇంచీ పొట్టి. ఈ మూల లాగితే ఆ మూల లేచిపోతుంది. విప్పడం, అతుకులెయ్యడం, సోఫా తెచ్చినవాళ్ళ ముందు నీళ్ళు నమలడం, ఇదే పనయిపోయింది.

“కొలవడం కూడా చేతకాదా?”

“నేను సరిగ్గానే కొలిచాను నాన్నా.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అయితే గుడ్డే కుంచించుకుపోయిందా?”

“ఇవాళ్టిది కూడా పొట్టయిందంటే, రేపట్నుంచి కొట్లో అడుగు పెట్టను.”

ఉత్త బెదిరింపు కాదది. పక్క వీధిలో పరదాలు కుట్టే చోట పని అడిగి మరీ వచ్చింది. ఆ సంగతి తల్లికి తెలుసు. ఒక బిడ్డని జ్వరం తీసుకుపోయింది, రెండో బిడ్డని ఈయన నోరు తరిమేస్తుందని ఆవిడ భయం.

మధ్యాహ్నం పెద్ద సోఫా ఒకటి వచ్చింది. కూతురు రెండుసార్లు కొలిచి “ఎనభై” అంది. ఈసారి వెళ్ళి తండ్రి పక్కనే నిలబడింది. ఆయన సుద్దతో గీత పెట్టాడు. డెబ్బై తొమ్మిది దగ్గర.

“ఎనభై అన్నానుగా? ఒకటెందుకు తగ్గించావు?”

“నువ్వు ఒకటి ఎక్కువే చెప్తావుగా! టేపు కొస చిరిగిందని ఒకటో అంకె దగ్గర పట్టుకునేది నువ్వే కదా!”

“ఆ టేపు ఎప్పుడో పారేశాం. నాది కొత్తది. చిరిగినదాంతో కొలిచింది అన్నయ్య.”

మిషను ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కూతురు చెప్పిన ప్రతి అంకెనీ మేస్త్రి కొడుకు గొంతులోనే విన్నాడు.

“గీత మార్చు నాన్నా.”

ఎనభై దగ్గర గీస్తే వాడు ఈ కొట్లోంచి కూడా వెళ్ళిపోతాడని ఆయనకనిపించింది. ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు.

“నా వల్ల కాదు.”

“నీ వల్ల కాకపోతే నన్ను తిడతావా?” కూతురు ఏడుస్తూనే అరిచింది. “నాకు మాత్రం అన్న కాడా? నేనింకా బతికే ఉన్నాను. నా మాట ఒక్కసారి విను!”

మేస్త్రి తలెత్తి కూతురి ముఖం చూశాడు.

“ఎంతన్నావమ్మా?”

“ఎనభై.”

అక్కడే గీశాడు. గీసి, ఆ బట్ట మీదే తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. తల్లి పరుగున లేచి వచ్చింది.

“ఏడిస్తే ఏడువు గానీ, గుడ్డ మీద కాదు నాన్నా,” అని కసురుతూ కూతురు ఆయన తలని తన భుజం మీదికి లాక్కుంది.