‘అంతే’ అననిదే కదలని మర్సూది

మా పాక్ మర్సూదికి ఎవరు ఏం చెప్పినా చివర్న “అంతే” అనకపోతే చెప్పినట్టే కాదు. మా యోగ్యకర్త ఊళ్లో పెద్దాయన్ని గౌరవంగా ‘పాక్’ అంటాం గనక ఊరుకున్నాంగానీ, లేకపోతే ఎప్పుడో తన్నేవాళ్లం.

“పాక్, మీ జేబులోంచి పొగ!” అని అరిచానొకసారి.

“ఇంకా ఉందా?” అన్నారాయన, తాపీగా.

“అంతే బాబోయ్!” అన్నాకగానీ జేబులో రాజుకుంటున్న లవంగాల సిగరెట్టు తీయలేదు!

ఇదంతా మా వృత్తి మహిమ. చేతులు వణికేవాళ్లు లినక్స్ కంప్యూటరు వాడుకునే పలకలు చేస్తాం మేం. పలక మీద వేలు కదిలితే కబురు ముక్కలుగా వస్తుంది: అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత, ఆఖర్న ‘ముగిసింది’ అని ఓ గుర్తు. ఆ గుర్తు రాకుండా తెర మీది బాణాన్ని కదిపామా, కొంప మునిగిందే. కబుర్లు జోరుగా వచ్చిపడి కొన్ని జారిపోతే, సగం కబురు పారేసి పలకని మళ్లీ అడగాలి. ఆయన మనుషులనీ అలాగే అడిగేవారు. మా యజమానురాలు బూ ఎందాంగ్ (పెద్దావిడైతే ‘బూ’ అంటాం) గుక్క తిప్పుకోకుండా తిడితే, “కొన్ని జారిపోయాయి బూ, మొదట్నుంచి తిట్టండి” అనేవారు. రెండోసారి తిట్టే ఓపిక ఆవిడకి ఉండేది కాదు.

ఓ రోజు పొద్దున్న పదింటికి ఆస్పత్రివాళ్లు వస్తున్నారు. నచ్చితే రెండొందల పలకలు కొంటారు, లేదంటే మా దుకాణం మూతే. తొమ్మిదిన్నరకి బాణం కప్పలా గెంతడం మొదలెట్టింది!

“తీగ ఊడిందేమో!” అన్నారు బూ ఎందాంగ్.

“పలకే పోయింది, వేరేది తెస్తా!” అని లేచాను.

“అ... అది...” అంది విదురి. ప్రోగ్రాము రాసింది ఆమే. మాట తడబడుతుంది.

“వైరస్సా?” అన్నారు బూ.

పాక్ మర్సూది చెయ్యెత్తారు. “ఆగండి. ఆ అమ్మాయి ‘అంతే’ అందా?”

గడియారం పరిగెడుతోంది. పళ్లు బిగించుకుని ఆగాం.

“ని... నిన్న ఈయన వేగం కోసం ప్రోగ్రాములో ఓ వరస మార్చాడు. ము... ముగింపు గుర్తు రాకముందే బాణం కదులుతోంది. అడ్డం కొత్తది, ని... నిలువు పాతది. అంతే.”

ఈయన అంటే నేనే! సిగ్గుతో చచ్చాను. విదురి రెండు నిమిషాల్లో సరిచేసింది. బాణం నీళ్లలా జారింది. వచ్చినవాళ్లలో ఓ ముసలాయన వణికే వేలితో తన పేరు రాసుకుని చప్పట్లు కొట్టాడు. రెండొందలూ మావే!

వేడివేడి టెంపే సోయాముక్కలు తింటూ, “పాక్‌కి ఈ ‘అంతే’ పిచ్చి పుట్టుకతోనేనా బూ?” అన్నాను.

“ఈయనకా? ఒకప్పుడు మనం నోరు తెరవకముందే జవాబు చెప్పే మనిషి! నువ్వు రాకముందు, విదురి చేరినరోజు ఆమె మాటని మూడుసార్లు నేనే పూర్తిచేశా, మూడూ తప్పే. మర్నాటి నుంచి ఈయన అందర్నీ ‘అంతే’ అనమనడం మొదలెట్టారు.”

పాక్ మర్సూది చెవులు ఎర్రబడ్డాయి. “తినండి, చల్లారిపోతోంది” అన్నారు.

విదురి ఊరుకోలేదు. ఆ మొదటిరోజు కథంతా బూ ఎందాంగ్ గొంతుతో సహా చెప్పడం మొదలెట్టింది. పావుగంట పట్టింది. పడీపడీ నవ్వాం. మధ్యలో “అలా కాదే...” అనబోయిన బూ ఎందాంగ్, తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.